5ని 6గా చూపించిన క్యాష్: ఎం7 బోర్డును చాలాకాలం వాడాక

ఈ బోర్డు వేగం గురించి మొదట్లో కనపడినవాళ్లందరికీ గొప్పగా చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకోను గానీ, ఇప్పుడు దానికి కొన్ని షరతులు కలపాలి. బోర్డు మీద నాకున్న కోపమంతా అందులోని 4 కిలోబైట్ల డేటా క్యాష్ (ప్రాసెసర్ తాను వాడే డేటాను దగ్గర పెట్టుకునే చిన్న, వేగమైన మెమరీ) మీదే.

కార్టెక్స్-ఎం7 కోర్ (ఆర్మ్ డిజైన్ చేసిన ప్రాసెసర్), 216 మెగాహెర్ట్జ్, చిప్ బయట ఎస్‌డీర్యామ్ (తెర బొమ్మ ఉండే పెద్ద మెమరీ), 480×272 తెర. మిగతావి డేటాషీట్‌లో ఉన్నాయి. బోర్డు పేరు రాయడం లేదు, ఇదే కోర్ వాడే వేరే చిప్‌లలో కూడా క్యాష్ కథ ఇంచుమించు ఇంతే. మేం దీన్ని పాల సేకరణ కేంద్రాల్లో పెట్టే యంత్రంలో వాడుతున్నాం. రైతు పాలు పోయగానే లీటర్లు, ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (కొవ్వు కాని ఘనపదార్థాలు), రావాల్సిన డబ్బు పెద్ద అంకెల్లో తెర మీద కనపడాలి, చీటీ ప్రింట్ అవ్వాలి. అంతకుముందు వాడిన ఎం4 బోర్డులో క్యాన్ తూకం మీద పెట్టాక అంకె ఒక క్షణం ఆలస్యంగా కదిలేది. దీనిలో పాలు పోస్తుంటే అంకె కూడా వెంటే పరిగెత్తింది. కేంద్రాల్లో జనానికి అది బాగా నచ్చింది, మాకూ నచ్చింది.

తర్వాత బోర్డు అమ్మినవాళ్లు ఇచ్చే స్టార్టప్ కోడ్‌కి (బోర్డు ఆన్ కాగానే ముందు నడిచి అన్నీ సిద్ధం చేసే ప్రోగ్రామ్) కొత్త వెర్షన్ వచ్చింది. మార్పుల జాబితాలో "పనితీరు మెరుగుపరిచాం" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. ఆ ఒక్క ముక్క వెనక జరిగింది ఇది. ఆర్మ్ మెమరీ మ్యాప్ ప్రకారం మా ఎస్‌డీర్యామ్ ఉన్న అడ్రస్ ప్రాంతం మామూలుగా డివైస్ రకం, క్యాష్ దాని జోలికి పోదు. కొత్త వెర్షన్‌లో ఎంపీయూ (ఏ మెమరీ ప్రాంతం ఏ రకమో నిర్ణయించే భాగం) సెట్టింగ్ మార్చి ఆ ప్రాంతాన్ని రైట్-బ్యాక్ క్యాష్ (రాసింది ముందు క్యాష్‌లోనే ఆగి, తర్వాత మెమరీకి వెళ్లే పద్ధతి) కిందికి తెచ్చారు. తెర ఇంకా చురుగ్గా అయ్యింది. కొన్నాళ్లకు నల్గొండ వైపు ఒక కేంద్రం నుంచి ఫోన్: "సార్, తెర మిణుకుమిణుకుమంటోంది."

పల్లెల్లో కరెంటు సంగతి తెలిసిందే కాబట్టి అందరి చూపూ ముందు దాని మీదే పడింది. పక్కనే పాలు చల్లబరిచే బల్క్ కూలర్, దాని కంప్రెసర్ ఆన్ అయిన ప్రతిసారీ లైట్లు డిమ్ అవుతాయి. స్టెబిలైజర్ మార్చారు. తెరకి వెళ్లే రిబ్బన్ కేబుల్ మార్చారు. మిణుకు అలాగే ఉంది. అంతటితో పోతే టెన్షన్ లేకపోయేది, కానీ ఒక సాయంత్రం బర్రె పాలు పోసిన ఒకామె చీటీ పట్టుకుని గట్టిగానే అడిగింది: "తెర మీద ఆరు పాయింట్ రెండు చూపెట్టి, చీటీల ఐదు పాయింట్ రెండు అని కొడ్తరేంది?"

చీటీయే నిజం. లాగ్‌లో కూడా 5.2 ఉంది. కానీ ఆమె అబద్ధమాడలేదు, వరసలో ఆమె వెనక నిలబడ్డవాళ్లు కూడా 6 చూశారు. ఫ్యాట్‌లో ఒక పాయింట్ తేడా అంటే లీటరు ధరలో బాగా తేడా. ఒక కేంద్రంలో కొలత మీద అనుమానం వచ్చిందంటే మర్నాటి నుంచి ఆ పాలు ఇంకో డెయిరీకి పోతాయి. అప్పటిదాకా చిన్న చిరాకుగా ఉన్న మిణుకు ఆ రోజు నుంచి మా అందరికీ నిద్ర లేకుండా చేసింది.

ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి చూస్తే విషయం కొంత తెలిసింది. తెర మొత్తం మిణకడం లేదు. ఫ్యాట్ గడిలోని అంకె ఒక్కటే ఒక ఫ్రేములో 5, తర్వాతి ఫ్రేములో 6, మళ్లీ 5. ఇంకా సరిగ్గా చెప్పాలంటే 5కి కింద ఎడమ పక్కన ఒక గీత వచ్చి పోతోంది. పైన "వెన్న శాతం", "లీటర్లు" అన్న తెలుగు మాటలు మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నాయి.

దారి చూపింది ఆ తెలుగు మాటలే. తెర మీద గీయడానికి మేం వాడే ఎల్‌వీజీఎల్ లైబ్రరీ అరబిక్, పర్షియన్ అక్షరాల కలయికలను చూసుకుంటుంది గానీ మన వత్తులూ గుణింతాలూ దానంతటది కలపదు. అందుకే తెలుగు మాటలన్నీ ముందే బొమ్మలుగా చేసి ఫ్లాష్‌లో పెట్టాం. వాటిని గ్రాఫిక్స్ డీఎంఏ (ప్రాసెసర్ లేకుండానే డేటాను కాపీ చేసే భాగం) నేరుగా ఎస్‌డీర్యామ్‌లోకి కాపీ చేస్తుంది, ప్రాసెసర్ వాటిని ముట్టుకోదు. అంకెలను మాత్రం ప్రాసెసరే అంచులు నునుపు చేస్తూ గీస్తుంది. కేబుల్‌దో కరెంటుదో తప్పయితే రెండూ వణకాలి. ప్రాసెసర్ చెయ్యి పడ్డవే వణుకుతున్నాయి.

ఆ వీడియోలో ఒక ఫ్రేమును పెద్దది చేసి పిక్సెళ్లు లెక్కపెట్టినప్పుడు నాకు నిజంగా ఆనందమేసింది. ఈ వృత్తిలో అలాంటి క్షణాలు తక్కువ. ఆ పాత గీత ముక్క ఎక్కడ తెగినా 16తో భాగించబడే కాలమ్ దగ్గరే తెగుతోంది. పిక్సెల్‌కి రెండు బైట్లు, అంటే 16 పిక్సెళ్లు 32 బైట్లు. ఎం7 క్యాష్ లైన్ (క్యాష్ ఒకేసారి కదిలించే ముక్క) సరిగ్గా 32 బైట్లు. తెర మీద ఒక వరస 960 బైట్లు, అంటే పూర్తిగా 30 లైన్లు. అందుకే ప్రతి వరసలోనూ కోత ఒకే కాలమ్ దగ్గర పడి, నిలువుగా రూళ్లకర్రతో కోసినట్టు కనపడుతోంది. కరెంటు హెచ్చుతగ్గులకు 16 ఎక్కం తెలియదు కదా.

జరుగుతున్నది ఇది. కేంద్రం నడిపే ఆయన పాల లెక్కలు ముందు చేతిలోని చిత్తు కాగితం మీద రాసుకుని, కాగితం నిండినప్పుడు రిజిస్టర్‌లోకి ఎక్కిస్తాడనుకోండి. ఆయన్ని అడిగితే సరైన లెక్కే చెప్తాడు, రిజిస్టర్ మాత్రమే చూసేవాడికి పాత లెక్క కనపడుతుంది. రైట్-బ్యాక్ క్యాష్ ఆ చిత్తు కాగితం, డిస్‌ప్లే కంట్రోలర్ రిజిస్టర్ ఒక్కటే చూసేవాడు. సెకనుకు దాదాపు 60 సార్లు ఎస్‌డీర్యామ్ చదివి తెరకి పంపుతుంది, క్యాష్‌లో ఏముందో దానికి తెలిసే దారి లేదు.

మా సందర్భంలో దీనికి ఇంకో మెలిక తోడైంది. కొత్త రైతు రాగానే గ్రాఫిక్స్ డీఎంఏ అంకెల గడిని తెల్లగా తుడుస్తుంది. ఆ తుడుపు ఎస్‌డీర్యామ్‌లోనే జరుగుతుంది. ముందు రైతు 6 అంకెలోని కింది సగం, చివర గీసింది కాబట్టి, ఇంకా క్యాష్‌లోనే కూర్చుని ఉంటుంది. ప్రాసెసర్ వచ్చి దాని మీదే 5 గీస్తుంది. 5కి అవసరం లేని చోట చెయ్యి పెట్టదు, అందుకే 6 తాలూకు ఎడమ గీత అలాగే మిగులుతుంది. తర్వాతెప్పుడో ఆ లైన్‌ని క్యాష్ బయటికి నెట్టినప్పుడు 32 బైట్లూ కలిసి వెళ్లి తుడిచిన చోట మళ్లీ కూర్చుంటాయి. తెర మార్చి మార్చి చూపే రెండు ఫ్రేమ్ బఫర్లలో (బొమ్మ ఉండే మెమరీ చోట్లు) ఒకదానికే ఇలా జరిగితే 5, 6, 5, 6 అని మిణుకు.

లోపం పట్టుకుందామని ప్రతి ఫ్రేముకీ ఒక లాగ్ లైన్ ప్రింట్ చేయిస్తే మిణుకు తగ్గిపోయేది. ఉన్నదే 4 కిలోబైట్లు, అంటే 128 లైన్లు. ప్రింట్ పని తన డేటా తెచ్చుకుని పాత లైన్లను వెంటనే బయటికి తోసేస్తోంది. ఆఫీసులో అన్ని లాగ్‌లూ ఆన్ చేసి పరీక్షిస్తాం కాబట్టి అక్కడ ఏమీ కనపడలేదు. లాగ్‌లు తీసేసి పల్లెకి పంపిన యంత్రంలో బయటపడింది.

మీ దగ్గర ఇలాంటి మిణుకు ఉంటే ముందు స్టార్టప్‌లో డి-క్యాష్ (డేటా క్యాష్) ఆన్ చేసే లైన్‌ని కామెంట్ చేసి చూడండి. మిణుకు పోతే కారణం దాదాపు తేలినట్టే. పూర్తిగా తేలినట్టని అనను, వేగం తగ్గడం వల్ల వేరే టైమింగ్ తప్పు కూడా దాక్కోవచ్చు. మాకు పోయింది, కానీ తెర మళ్లీ ఎం4 రోజుల్లోలా బద్ధకంగా అయింది. అలా వదిలేసేట్టయితే ఎం7కి డబ్బు పెట్టడం దేనికి?

గీయడం అయ్యాక క్యాష్ క్లీన్ చెయ్యాలన్నది, అంటే అందులో ఉన్నదాన్ని మెమరీలోకి రాయించాలన్నది, అందరూ ముందు చెప్పే మందు. అది ఒక్కటే వేస్తే మాకు రోగం ముదిరింది. అంకెల చుట్టూ ఉండే చిన్న చిన్న గీతలు పోయాయి గానీ, పాత 6 గీతను క్లీన్ ఇంకా నమ్మకంగా ఎస్‌డీర్యామ్‌లోకి తీసుకెళ్లి పెట్టింది. డీఎంఏ తుడవడానికి ముందే ఆ ప్రాంతాన్ని క్లీన్ చేసి ఇన్‌వాలిడేట్ (క్యాష్‌లోని ప్రతిని పారేయడం) కూడా చెయ్యాలి. ఇచ్చే అడ్రస్, సైజు 32 బైట్ల హద్దు మీద ఉండాలి. లేకపోతే ఇన్‌వాలిడేట్ చేసినప్పుడు అదే లైన్‌లో ఉన్న పక్కవాడి డేటా కూడా పోతుంది, అప్పుడు చెడేది తెర ఒక్కటే కాదు.

రైట్-త్రూ (ప్రతి రాతా వెంటనే మెమరీకి కూడా వెళ్లే పద్ధతి) పెట్టుకుంటే సరిపోతుందని చాలామంది అంటారు. నేనూ అటే మొగ్గాను. కానీ ఈ కోర్ కొన్ని రివిజన్లలో రైట్-త్రూ రాతలూ చదవడాలూ ఒక వరసలో పడితే డేటా చెడే అవకాశం ఉందని ఎర్రాటా పత్రంలో (చిప్‌లో తెలిసిన లోపాల జాబితా) ఉంది. డబ్బు లెక్కలు చూపించే యంత్రంలో ఆ సాహసం మేం చెయ్యలేదు. పాత డివైస్ రకానికి తిరిగి పోదామంటే, ఆప్టిమైజేషన్ పెంచిన మా కోడ్ అక్కడ అలైన్ కాని (డేటా సైజు హద్దు మీద లేని) అడ్రస్‌ని ముట్టుకుని ఫాల్ట్ కొట్టి ఆగిపోయింది.

చివరికి నిలబడిన ఏర్పాటు ఇది. ఫ్రేమ్ బఫర్లు రెండిటినీ ఎంపీయూలో నార్మల్, నాన్-క్యాషబుల్‌గా పెట్టాం. గీయడం మొత్తం కోర్‌కి నేరుగా అతుక్కుని ఉండే 64 కిలోబైట్ల టీసీఎం మెమరీలో చేస్తున్నాం. దానికి క్యాష్ లేదు, క్యాష్ అవసరమూ లేదు. 32 వరసల బఫర్‌కి 30,720 బైట్లు పడతాయి. గీసిన ముక్కను డీఎంఏ తీసుకెళ్లి ఫ్రేమ్ బఫర్‌లో వేస్తుంది. మా చిప్‌లో డీఎంఏ టీసీఎంని అందుకోగలదు, అన్ని ఎం7 చిప్‌లలో ఆ సౌకర్యం ఇలాగే ఉండదు, మీది చూసుకోండి. వేగం రైట్-బ్యాక్ రోజులకంటే ఒక పిసరు తక్కువే. పాలు పోసేవాళ్లకి ఆ తేడా తెలియదు, నాకు మాత్రం తెలుస్తుంది.

దీని తర్వాత కూడా అప్పుడప్పుడు తెర మొత్తం ఒక్కసారి పక్కకి జరిగి సర్దుకునేది. ఈసారి తెలుగు మాటలు కూడా కదిలాయి, అంటే ఇది వేరే జబ్బు. ఎం7 ముందుచూపుతో, అడగకుండానే కొన్ని అడ్రస్‌లు చదివి పెట్టుకుంటుంది. రీసెట్ తర్వాత మెమరీ కంట్రోలర్‌లో మొదటి బ్యాంక్ (బయటి మెమరీ చిప్‌కి కేటాయించిన అడ్రస్ ప్రాంతం) ఆన్‌లో ఉంటుంది, అక్కడ ఏ చిప్పూ లేకపోయినా సరే. అలా ముందుచూపుతో చదివేది ఒక్కటి అటువైపు పోతే కంట్రోలర్ 24 మైక్రోసెకన్లు ఇరుక్కుంటుందని చిప్ అప్లికేషన్ నోట్‌లోనే ఉంది. మా తెరకి పిక్సెల్ క్లాక్ (తెరకి పిక్సెళ్లు పంపే వేగం) దాదాపు 9.6 మెగాహెర్ట్జ్, ఆ వ్యవధిలో సుమారు 230 పిక్సెళ్లు పోవాలి. డిస్‌ప్లే కంట్రోలర్ దగ్గర నిల్వ ఉండేది 128 పిక్సెళ్లే. వాడని బ్యాంక్‌ని స్టార్టప్‌లో ఆపేశాక ఆ కుదుపు మళ్లీ కనపడలేదు. ఇంత ముఖ్యమైన సంగతి అప్లికేషన్ నోట్ లోపలెక్కడో కాకుండా మొదటి పేజీలో ఉంటే బాగుండేది.

కొనాలా వద్దా అంటే, మీ తెర మీద అంకెలు నిమిషానికోసారి మారేవైతే కోర్‌లో క్యాష్ లేని ఎం4 బోర్డు తీసుకుని హాయిగా ఉండండి. కదిలే గ్రాఫులో, వేగంగా మారే అంకెలో కావాలంటే ఇది మంచి బోర్డే, ఎంపీయూ అధ్యాయం ఓపిగ్గా చదివే మనిషి మీ దగ్గర ఉంటే. మా టీమ్ చాలా చిన్నది, ఈ గొడవ పట్టుకోవడంలో వేరే పనులన్నీ ఆగిపోయాయి, ఆ కోపం నా మాటల్లో కొంత ఉందని తెలుసు. కొత్త కేంద్రాలకు మళ్లీ ఇదే బోర్డు ఆర్డర్ చేశాం, పెట్టె కొలతలూ పీసీబీ దీనికి తగ్గట్టే చేయించాం కాబట్టి. అమ్మినవాళ్ల స్టార్టప్ కోడ్ మాత్రం పాత వెర్షన్ దగ్గరే ఆపేశాను, అందులోనూ ఎంపీయూ భాగం మేం రాసుకున్నదే వాడుతున్నాం.