స్వర్ణోత్సవ సంచికకు ప్రూఫులు దిద్దించిన అనుభవం: ముఖ్యంగా కామాల విషయం

మా ఊరి ఉన్నత పాఠశాల స్వర్ణోత్సవ సంచికను అచ్చుకు పంపే ముందు విజయవాడలోని ఒక చిన్న డీటీపీ కేంద్రంలో ప్రూఫులు దిద్దించాము. 64 పుటలకు నాలుగు రోజులు పట్టింది. పుటకు 30 రూపాయలు తీసుకున్నారు. ఒకే వాక్యంలో పేర్లో, అంకెలో వరుసగా వచ్చినప్పుడు వాటి మధ్య ఏ విరామ చిహ్నం ఉండాలన్న దానిపై ఇంత శ్రద్ధ పెట్టేవారిని నేను అంతకు ముందు చూడలేదు.

మొదటి పుటలో నేను రాసిన వాక్యం ఇది: "ఈ సభలో ప్రధానోపాధ్యాయులు, తెలుగు పండితులు, గ్రంథాలయ కార్యదర్శి సన్మానం అందుకున్నారు." దిద్దే పెద్దాయన దాని పక్కన ఎర్ర సిరాతో "ఒకరా, ముగ్గురా?" అని రాశారు. గౌరవ బహువచనం ఉన్న మన భాషలో క్రియను చూసి సంఖ్య తేల్చుకోలేము. మూడు హోదాలూ ఒకరివే అయినా, ముగ్గురివి అయినా కామాలు అలాగే ఉంటాయి. ముగ్గురని చెప్పగానే ఆయన "ప్రధానోపాధ్యాయులూ, తెలుగు పండితులూ, గ్రంథాలయ కార్యదర్శీ" అని చివరి అచ్చులకు దీర్ఘం ఇచ్చి సరిపెట్టారు. "మరియు" అవసరమే రాలేదు. నేను మిగతా పుటల్లో ధారాళంగా వాడిన "మరియు"లను కూడా ఆయన చాలావరకు ఇలాగే తొలగించారు.

"తొలి ఏడాది పది, పదిహేను మంది పిల్లలు ఉండేవారు" అన్నచోట కామా కొట్టేశారు. అంచనాగా చెప్పే జంట సంఖ్యల మధ్య కామా పెడితే అవి రెండు వేరు వేరు లెక్కలవుతాయని ఆయన వివరించారు. "ఏడు, ఎనిమిది తరగతులు" అన్నచోట మాత్రం అవి నిజంగానే రెండు తరగతులు కాబట్టి కామాను ఉంచారు. "వరి, మినుము, పెసర, మొదలైన పంటలు" అన్నదానిలో "మొదలైన"కు ముందున్న కామా పోయింది.

అన్నిటికన్నా మేలు జరిగింది దాతల వాక్యంలో. ఒక్కొక్కరి పేరు, ఊరు, ఇచ్చిన మొత్తం అన్నీ కామాలతోనే సాగడం, పైగా 10,000, 1,00,000 వంటి అంకెల లోపలా కామాలు ఉండడం వల్ల ఏ మొత్తం ఎవరిదో చదివేవారికి అందేది కాదు. దాతకూ దాతకూ మధ్య సెమికోలన్ (;) పెట్టి, ఒకే దాత వివరాల మధ్య కామాలను ఉంచడంతో ఆ వాక్యం ఒక్క చదువులో అర్థమైంది. అయితే అదే ఊపులో "తెలుగు, హిందీ, లెక్కలు" అని చిన్న వరుసలోనూ సెమికోలన్లు చేర్చడం నాకు నచ్చలేదు, లోపల కామాలు లేని వరుసకు కామాలే చాలు. అడిగిన వెంటనే మార్చారు, అదనంగా ఏమీ తీసుకోలేదు.

ఒక లోపం ఉంది. దిద్దిన తరువాత మళ్ళీ కంపోజ్ చేసినప్పుడు కామాకు ముందు ఖాళీ వదలడం వల్ల రెండు పుటల్లో కామా జారి, తరువాతి పంక్తి మొదట్లో పడింది. ఆ పుటలను మా కళ్ళతో చూసుకున్నాము కాబట్టి సరిపోయింది. అక్కడ పని ఇచ్చేవారు ఆఖరి ప్రూఫును కూడా ఆ పెద్దాయన చేతనే చూపించాలని ముందే మాట్లాడుకోవాలి.