మే నెల సెంట్రల్ పార్కు: పిట్టలు చూడాలంటే గాలి చూసుకుని బయల్దేరండి

న్యూయార్క్ సెంట్రల్ పార్కుకి వార్బ్లర్ల కోసం (వసంతంలో దక్షిణం నుంచి ఉత్తరానికి రాత్రిళ్లు ఎగిరి వలసపోయే చిన్న పిట్టలివి) వెళ్లేవాళ్లు చాలామంది సెలవు రోజు చూసుకుంటారు. అసలు చూసుకోవాల్సింది ముందురాత్రి గాలి. మే మొదటి మూడు వారాల్లో రాత్రి నైరుతి గాలి వీచిందంటే తెల్లారేసరికి చెట్లు కళకళలాడతాయి. తెల్లవారుజామున చిన్న వాన పడి పిట్టల్ని కిందికి దింపితే మరీ మంచిది. ఉత్తర గాలి పట్టిందా, అవి దక్షిణానే ఆగిపోతాయి. రాబిన్లూ ఊరపిచ్చుకలే మిగులుతాయి. పడుకోబోయే ముందు బర్డ్‌కాస్ట్ సైటులో ఆ రాత్రి పిట్టల వలస ఎలా ఉంటుందో రాడార్ అంచనా చూడండి.

పార్కు పక్క హోటళ్ల ధర ఎక్కువ. జెర్సీ సిటీలో పాత్ (PATH, న్యూజెర్సీ నుంచి న్యూయార్క్‌కి నడిచే రైలు) స్టేషన్ దగ్గర గది తీసుకోవడమే నయం, ఆ రైళ్లు రాత్రంతా నడుస్తాయి. 33వ స్ట్రీట్‌లో దిగి సబ్‌వే బి రైలు ఎక్కితే 81వ స్ట్రీట్‌లో దిగొచ్చు. శని, ఆదివారాల్లో బి ఉండదు. 8వ ఎవెన్యూ దాకా నడిచి సి ఎక్కాలి. తొందరపడి ‘ఏ’ (A) రైలు ఎక్కారో, పగటిపూట అది 59 దాటాక 125లోగానీ ఆగదు.

పార్కు ఉదయం 6కి తెరుస్తారు. ముందు ర్యాంబుల్‌కి వెళ్లండి: 73, 79 స్ట్రీట్‌ల మధ్య 36 ఎకరాల మెలికల దారులు. దారి తప్పడం మామూలే. దీపస్తంభం మీద నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ దగ్గరి స్ట్రీట్, చివరిది సరిసంఖ్యైతే తూర్పు వైపు, బేసైతే పడమర. చెరువులోకి చొచ్చుకెళ్లిన పాయింట్ దగ్గర మొదలుపెట్టి, అజేలియా పాండ్ మీదుగా టుపెలో మెడో చేరండి. పూతకొచ్చిన ఓక్ చెట్టు కనబడితే కదలొద్దు. ఆ పూల జల్లుల్లో ఆకుపచ్చ గొంగళిపురుగులుంటాయి. నారింజ గొంతు బ్లాక్‌బర్నియన్ వార్బ్లర్ తలకిందులుగా వేలాడి వాటిని ఒక్కొక్కటే లాగుతుంటుంది. (మన ఊళ్లలో చలికాలం కనిపించే పాచిరంగు వార్బ్లర్లకీ వీటికీ పేరొకటే, కుటుంబాలు వేరు.)

9 దాటాక ర్యాంబుల్‌లో జనం పెరుగుతారు. రద్దీ పడనివాళ్లకి ఉత్తరాన నార్త్ వుడ్స్, అక్కడి లాక్ వాగు మేలు. అడవి థ్రష్‌లు నేలమీద ఆకులు తిరగేస్తూ దొరుకుతాయి. నడక మాత్రం ఎక్కువ. మెడ నొప్పి భరించలేకపోతే బెల్వెడీర్ కోట మెట్టెక్కండి, చెట్ల కొమ్మలు కంటి ఎత్తుకొస్తాయి.

బైనాక్యులర్ 8x42 (8 రెట్లు పెద్దగా చూపేది) చాలు. 10x చేతిలో వణుకుతుంది, కనిపించే మేరా తగ్గుతుంది, కొమ్మల్లో 12 సెంటీమీటర్ల పిట్ట దొరకదు. కూత విని పిట్టని గుర్తుపట్టే మెర్లిన్ యాప్ చెప్పిన పేరు కంటితో చూసేదాకా రాసుకోకండి, పార్కులో మాకింగ్‌బర్డ్‌లు ఇతర పిట్టల్ని అనుకరిస్తాయి.

కొత్తవాళ్లకి న్యూయార్క్ సిటీ బర్డ్ అలయన్స్ నడకలు పనికొస్తాయి. రికార్డింగు మోగించి పిట్టల్ని పిలిచే గైడ్ల జోలికి మాత్రం పోవద్దు. రాత్రంతా ఎగిరొచ్చినవి తిండి మానేసి లేని ప్రత్యర్థి కోసం వెతుక్కుంటాయి.

మే 20 తర్వాతే వీలైతే ఆకు దట్టమై ఉంటుంది. బ్లాక్‌పోల్ వార్బ్లర్లు, ఫ్లైక్యాచర్లు వస్తాయిగానీ, ముందే కూతలు నేర్చుకుని వెళ్లాలి.