గింజా, దుంపా? నగరాన్ని కట్టిన పంట ఏది

సేద్యం వచ్చాక పల్లెలు, పల్లెల నుంచి నగరాలు వచ్చాయని బడిలో అందరం చదివాం. ఆ విషయం ఎప్పుడు ఎత్తినా పాఠకులు అడిగేది మాత్రం ఒక్కటే. తిండి ఎక్కువ పండిన చోటే నగరం పుట్టాలి కదా, మరి దుంపలు పండించినవాళ్లు గోధుమ, బార్లీ పండించినవాళ్ల కంటే ఎందుకు వెనకబడ్డారు?

దిగుబడి ఒక్కటే చూస్తే దుంపకు వంక పెట్టలేం. అదే నేలలో ధాన్యం కంటే ఎక్కువమంది కడుపు నింపగలదు. పాపువా న్యూగినీ కొండల్లో కూక్ అనే చిత్తడి నేల ఉంది. దాదాపు 7,000 ఏళ్ల కిందటే అక్కడ మట్టి దిబ్బలు పోసి అరటి, చామ లాంటివి పెంచారు. ఎవరి దగ్గరా నేర్చుకోకుండా సొంతంగా మొదలుపెట్టిన సేద్యం అది. అయినా ఆ కొండల్లో పల్లెలు వెలిశాయే గానీ రాజు రాలేదు, నగరమూ రాలేదు.

కారణం రుచిలోనో బలంలోనో లేదు. చామదుంప మట్టిలో ఉన్నంతకాలం బాగానే ఉంటుంది, తవ్వి బయట పెడితే తొందరగా పాడవుతుంది. కాబట్టి ఎవరి పొలమే వాళ్లకు పాతర. ఏ పూటకు కావాల్సింది ఆ పూట తవ్వుకుంటారు. వాటా అడగడానికి వచ్చినవాడికి అక్కడ రాశి కనిపించదు. ఎంత పండిందో తెలియాలంటే పొలమంతా వాడే తవ్వుకోవాలి.

గింజ అలా కాదు. చేనంతా ఒక్కసారే కోతకొస్తుంది. కల్లంలో నూర్చి రాశి పోశాక ఎవరికెంత పండిందో ఊరంతా చూస్తుంది. కొలవొచ్చు, పడవకెత్తొచ్చు, బాగా ఎండితే ఏళ్లు నిలవ చెయ్యొచ్చు. దక్షిణ ఇరాక్‌లోని ఉరుక్‌లో క్రీ.పూ. 3300 ప్రాంతంలో రాత పుట్టింది. ఆ మట్టి పలకల్లో ఎక్కువభాగం పద్దులే: బార్లీ ఎంత, గొర్రెలెన్ని, ఎవరికిచ్చారు. ఒక పలక మీద 37 నెలలకు 29,086 కొలతల బార్లీ అని లెక్క, దాంతోపాటు కుషిమ్ అనే పేరు ఉన్నాయి. అది మనిషి పేరో, పదవి పేరో అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. ఎవరైనా సరే, మనకు తెలిసిన తొలి పేర్లలో ఒకటి గుమాస్తాది కావడం నాకు భలే నచ్చుతుంది.

అలాగని గింజ ఉంటే చాలు, నగరం దానంతటదే వచ్చేస్తుందంటే నేను ఒప్పుకోను. గోధుమ, బార్లీ సాగు మొదలయ్యాక ఉరుక్ అంత నగరం రావడానికి దాదాపు 5,000 ఏళ్లు పట్టింది. అన్నేళ్లు ఏం చేశారు? నా మట్టుకు తేల్చే విషయం ఇక్కడే ఉంది: గాదె ఎవరి చేతిలో ఉంది?

జోర్డాన్‌లోని ధ్రా దగ్గర సుమారు 11,000 ఏళ్ల కిందటి కొట్లు బయటపడ్డాయి. సాగు పంటలు ఇంకా రూపు దిద్దుకోకముందే, అడవి బార్లీ దాచుకోవడానికి కింద గాలి ఆడేలా నేల ఎత్తి కట్టినవి. అవి ఇళ్ల బయట, ఇళ్ల మధ్యలో ఉండేవి. తర్వాత వేల ఏళ్లలో ధాన్యం ఇంటి లోపలికి చేరింది. టర్కీలోని చతల్‌హొయూక్ క్రీ.పూ. 7100 ప్రాంతంలో మొదలై వెయ్యేళ్లకు పైగా నిలిచింది. అక్కడ వేలమంది బతికారు. వీధులు లేవు, ఇళ్లన్నీ గోడకు గోడ ఆనించి కట్టినవి, కప్పు మీద నుంచి నిచ్చెన దిగి లోపలికి వెళ్లాలి. ఎవరింట్లో వాళ్ల గాదె. రాజభవనం లేదు, ఊరుమ్మడి కొట్టూ లేదు. దాన్ని తొలి నగరం అనేవాళ్లున్నారు గానీ నా లెక్కలో అది చాలా పెద్ద పల్లె. ఉరుక్ నాటికి ధాన్యం మళ్లీ ఇల్లు దాటింది. ఈసారి గుడి చేతికి, లెక్కలు రాసేవాళ్ల చేతికి వెళ్లింది.

హరప్పాను ఇక్కడ సాక్ష్యానికి పిలవను. పాఠ్యపుస్తకాల్లో కనిపించే ఆ ‘ధాన్యాగారం’లో గింజలు దొరకలేదు, అది ధాన్యాగారమే కాదని చాలామంది పురావస్తు పండితులు అంటున్నారు.

ఇక పశువులు. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో (ఆదిలాబాద్‌ది కాదు) 1957లో పురావస్తు పండితుడు ఆల్చిన్ తవ్విన బూడిద దిబ్బ పేడ తగలబెట్టగా ఏర్పడినదే. నాలుగు వేల ఏళ్లకు పైబడిన దొడ్డి అది. మందను తోలుకుని ఎటైనా పోవచ్చు, అందుకే పశువుల మీద నగరం నిలవడం కష్టం.

దుంప పక్షాన బలమైన వాదన ఒక్కటే మిగులుతుంది: దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల ఇంకాలు. బంగాళాదుంప తినేవాళ్లే సామ్రాజ్యం కట్టారు కదా అంటారు. నిజమే. కానీ వాళ్లు ఆ దుంపను రాత్రి చలికి గడ్డకట్టించి, పగలు కాళ్లతో తొక్కి నీరు పిండి, ఎండబెట్టి చూన్యోగా మార్చారు. అలా చేస్తే ఏళ్లు నిలుస్తుంది, ధాన్యంలాగే కొలిచి కొట్టుకు తోలొచ్చు. హువానుకో పంపా అనే ఒక్క పాలనా కేంద్రం పక్క కొండ మీదే దాదాపు 500 ప్రభుత్వ కొట్లు వరసగా ఉన్నాయి. గుండ్రటి వాటిలో మొక్కజొన్న, దీర్ఘచతురస్రపు వాటిలో దుంపలు పెట్టేవారని తవ్వకాల్లో తేలింది.