సీటు లేని సరుకు బండి: చైనా డ్రైవర్‌రహిత వ్యాన్లపై నల్లగొండ నుంచి ఒక సమీక్ష

నల్లగొండలో సబ్బులు, బిస్కెట్లు, టీ పొడి వంటి సరుకులను కంపెనీల నుంచి తెప్పించి దుకాణాలకు చేరవేసే ఏజెన్సీ నడుపుతున్నాను. రెండు ట్రాలీలు, ఒక డీసీఎం ఉన్నాయి. మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉన్న మా బావగారు సార్టెక్స్ యంత్రం చూసుకోవడానికి చైనాలోని హెఫీ నగరానికి వెళ్తూ నన్నూ తోడు రమ్మన్నారు. బియ్యంలోని నల్ల గింజను కెమెరాతో పట్టి, గాలితో ఊదేసే ఆ యంత్రాల తయారీకి హెఫీ పేరుపడ్డ ఊరు. ఆయన యంత్రాల బేరంలో ఉంటే, నేను మాత్రం వీధుల్లో మనిషి లేకుండా తిరిగే సరుకు బళ్లను చూస్తూ ఉండిపోయాను. వాటిలో ఏదీ నేను కొనలేదు; నెలనెలా డీజిలుకూ బత్తాలకూ లెక్క రాసుకునేవాడి కంటికి అవి ఎలా కనిపించాయో రాస్తున్నాను.

మేం దిగిన హోటలు ఎదురుగా ఒక కొరియర్ కేంద్రం ఉంది. మన పార్శిల్ ఆఫీసులాగే ఒక షట్టరు, లోపల ఇనుప ర్యాకులు, అంతే. ఉదయం ఆరున్నరకు తెల్లటి బండి ఒకటి వచ్చి షట్టరు ముందు ఆగింది. క్యాబిన్ లేదు, స్టీరింగ్ లేదు, సీటు లేదు. ట్రాలీ ఆటో ముందు భాగాన్ని కోసేసి డబ్బాను మాత్రమే రోడ్డు మీదికి వదిలినట్టుంది. లోపలి నుంచి ఒకామె వచ్చి ఫోనులో ఏదో నొక్కగానే పక్క తలుపు తెరుచుకుంది. ముప్పై నలభై పెట్టెలను ఆమె ఒక్కతే దించుకుని, తలుపు మూసి, మళ్లీ ఫోను నొక్కింది. సరిగ్గా అప్పుడే ఒక కుర్రాడు తన ఎలక్ట్రిక్ స్కూటరును బండికి అడ్డంగా నిలిపి టిఫినుకు వెళ్లిపోయాడు. బండి చైనీసులో మర్యాదగా ఏదో పలికింది, కాసేపాగి మళ్లీ అదే పలికింది. అలా నాలుగు నిమిషాలు గడిచాక ఆమే బయటికి వచ్చి స్కూటరును పక్కకు జరిపింది. మా డ్రైవరు ఒక్క కేకతో తేల్చే పని అది.

ఈ రకం బళ్లను తయారు చేసే కంపెనీల్లో ఇప్పుడు ఎక్కువగా వినిపించే పేర్లు రెండు: 2018లో మొదలైన నియోలిక్స్, 2021లో మొదలైన జెలోస్. మోడలు పేరులోని అంకె డబ్బా కొలతను చెబుతుంది. జెలోస్ జెడ్5 అంటే 5 ఘనపు మీటర్ల డబ్బా. టన్ను వరకు మోస్తుంది కనుక 26 కేజీల బియ్యం బస్తాలైతే 38 పడతాయి. 2025లో జెలోస్ తన ఈ6 మోడలును 19,800 యువాన్లకు, అంటే మన లెక్కలో సుమారు రెండున్నర లక్షల రూపాయలకు అమ్మకానికి పెట్టింది. ఆ ధర విని నేను మొదట నమ్మలేదు, ఎందుకంటే ఆ డబ్బుకు మన దగ్గర కొత్త ట్రాలీ కూడా రాదు. అయితే బండిని నడిపే సాఫ్ట్‌వేరుకు నెలనెలా చందా కట్టాలి కనుక, ప్రింటరును చవకగా ఇచ్చి ఇంకు మీద రాబట్టుకునే బేరం లాంటిదే ఇది.

ధర ఇంతగా దిగిరావడానికి ముఖ్య కారణం లైడార్. లేజరు కిరణాన్ని వదిలి, అది తిరిగివచ్చిన సమయాన్ని బట్టి ఎదుటి వస్తువు దూరాన్ని కొలిచే పరికరం ఇది. ఒకప్పుడు బండి కంటే ఇదే ఖరీదు. హెసాయ్, రోబోసెన్స్ అనే చైనా కంపెనీలు లైడార్లను పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టాక ధర పడిపోయింది. అలాగని బండి తన కళ్లతోనే ఎక్కడికైనా పోగలదనుకోవడం పొరపాటు. దారిని ముందే కొలిచి పటం గీస్తారు, ఏ వీధుల్లో తిరగవచ్చో స్థానిక అధికారులు అనుమతి ఇస్తారు, బండి చిక్కుకుంటే దూరంగా కూర్చున్న మనిషి తెర మీద చూస్తూ సాయం చేస్తాడు, వేగం గంటకు 40 కిలోమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. ఇన్ని షరతుల మధ్య, ఒక గోడౌను నుంచి మరో గోడౌనుకు రోజూ ఒకే దారిలో పోయే పనిని ఆ బండి నిజంగానే బాగా చేస్తుంది.

నా పగటి లైను, అంటే దుకాణం దుకాణానికీ తిరిగి సరుకు దించే పని, అలాంటిది కాదు. ప్రకాశం బజారులో బండి ఆపడమే ఒక విద్య. దుకాణం ముందు నిలిచాక డ్రైవరు పెట్టె భుజాన వేసుకుని లోపలికి పోవాలి, ‘సేట్ లేడు, సాయంత్రం రా’ అంటే బతిమాలి దించాలి, పగిలిన ప్యాకెట్లను లెక్క చూసి వెనక్కి తీసుకోవాలి, పాత ఉద్దెరలో కొంతైనా వసూలు చేయాలి. మా డ్రైవరు రోజులో స్టీరింగ్ పట్టుకునే సమయం మూడు గంటలు దాటదు. మిగిలినదంతా హమాలీ పని, గుమాస్తా పని, రాయబారం. బండి ఆ మూడు గంటలను మిగిల్చినా మిగతా పనికి మనిషిని పంపక తప్పదు కనుక నా జీతాల ఖర్చు తగ్గదు. హెఫీలో ఆ పని మాయం కాలేదు, షట్టరు లోపల ఉన్న ఆమె మీద పడింది. మన దుకాణదారు ఎవరూ గద్దె దిగివచ్చి సరుకు తానే దించుకోడు.

ఇక రోడ్డు సంగతి. కోతల కాలంలో తిప్పర్తి వైపు పల్లె దారుల్లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచున వరుసగా రాళ్లు పెడతారు. ఆ రాళ్లను లైడార్ చూడగలదు, అందులో సందేహం లేదు. కానీ మిగిలిన సగం రోడ్డులో ఎదురుగా వచ్చే ట్రాక్టరుకు ఎవరు దారి ఇవ్వాలో కళ్లతో, చేతి సైగతో తేల్చుకుంటారు. వెనక లైటు లేని గడ్డి ట్రాక్టరును, రంగు వేయని స్పీడ్ బ్రేకరును, రాంగ్ రూటులో ఫోను మాట్లాడుతూ వచ్చే బైకును కూడా కలిపి చూస్తే, అడ్డం వచ్చిన ప్రతిసారీ ఆగి మర్యాదగా పలికే బండి సాయంత్రానికి కూడా ఊరు దాటదు.

రాత్రి పని మాత్రం వేరు, నా ఆశ అంతా అక్కడే. హైదరాబాదు నుంచి వచ్చే నా సరుకులో కొంత నార్కట్‌పల్లి దగ్గర ఒక పార్శిల్ సంస్థ గోడౌనులో దిగుతుంది. అక్కడి నుంచి నల్లగొండకు అద్దంకి రహదారి మీద 20 కిలోమీటర్లు. నిరుడు సంక్రాంతికి ‘డ్రైవరు సెలవులో ఉన్నాడు’ అని ఆ సంస్థ నా పెట్టెలను మూడు రోజులు అక్కడే ఉంచింది. పండుగ బేరం పోయాక సరుకు చేరింది. రాత్రి ఒంటిగంటకు ఆ దారిలో వడ్లు, ట్రాక్టర్లు తక్కువ; అటూ ఇటూ దించి ఎత్తేవాళ్లు ఉంటారు; 40 వేగమైనా అరగంట ప్రయాణం. హెఫీ బండికి తగిన పని అదే.

పెద్ద లారీల విషయంలో చైనా కంపెనీల అనుభవం కలగలుపుగా ఉంది. అమెరికాలోనూ చైనాలోనూ పనిచేసిన టుసింపుల్ 2021 డిసెంబరులో అరిజోనాలో టూసాన్ నుంచి ఫీనిక్స్ వరకు 80 మైళ్లు, అంటే ఇంచుమించు హైదరాబాదు నుంచి సూర్యాపేట అంత దూరం, మనిషి లేకుండా లారీని నడిపించి అందరినీ ఆశ్చర్యపరిచింది. మూడేళ్లు తిరిగేసరికి అదే కంపెనీ లారీలను వదిలేసి, పేరు మార్చుకుని యానిమేషన్, వీడియో గేముల వైపు వెళ్లింది. ఇన్‌సెప్టియో అనే మరో కంపెనీ మాత్రం డ్రైవరును సీటులోనే ఉంచి, హైవే మీద అతడి శ్రమను తగ్గించే లారీలను 2021 నుంచి తయారు చేయిస్తోంది. కంచె ఉన్నచోటే ఈ విద్య గట్టిగా కుదురుకుంది: వెస్ట్‌వెల్ అనే చైనా కంపెనీ చేసిన క్యాబిన్ లేని ట్రక్కులు థాయిలాండులోని లేమ్ చబాంగ్ రేవులో కంటైనర్లు మోస్తున్నాయి, ఇన్నర్ మంగోలియాలోని యిమిన్ బొగ్గు గనిలో 2025 మే నెలలో 100 డ్రైవర్‌రహిత ఎలక్ట్రిక్ ట్రక్కులను ఒకేసారి దింపారు. ఆ వార్త చదివినప్పుడు నాకు మేళ్లచెరువు, మఠంపల్లి సిమెంటు ఫ్యాక్టరీల సున్నపురాయి గనులు గుర్తుకొచ్చాయి. అక్కడ బైకు అడ్డం రాదు, సేట్ ఉండడు.

కొనవచ్చా అని అడిగేవారికి: మన రోడ్ల మీద ఇప్పుడు వీలు కాదు. కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ 2023 డిసెంబరులో నాగపూర్‌లో మాట్లాడుతూ, డ్రైవర్ల ఉపాధి పోతుంది కనుక డ్రైవరు లేని కార్లను దేశంలోకి రానివ్వనని చెప్పారు. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీలో తిహాన్ పేరిట ఇలాంటి వాహనాలకు ప్రయోగ మైదానం ఉన్నా, అది ప్రాంగణం లోపలి సంగతి.

హెఫీలో తీసిన వీడియోను మా డీసీఎం డ్రైవరుకు చూపించాను. రెండుసార్లు చూసి, ‘వాన పడితే పరదా ఎవరు కడతరు సార్?’ అన్నాడు. డబ్బా మూసే ఉంటుందని చెప్పాను. ‘మరి పంక్చరైతే?’ అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ సంగతి హెఫీలో అడగాలని నాకే తోచలేదు. రాత్రి దారికి ఈ బండికి అయిదులో నాలుగు మార్కులు వేస్తాను, పగటి లైనుకు ఒకటి. అనుమతి వస్తే నార్కట్‌పల్లి దారికి ఒకటి కొంటాను, ట్రాలీలు రెండూ అలాగే ఉంచుకుంటాను.