మసులిపటం కాగితం పట్టుకుని డబ్లిన్ నుంచి లండన్ దాకా

డబ్లిన్‌లో మా ఇంటి ఓనరు ఆవిడకి డెబ్బై దాటాయి. ఓ ఆదివారం అటక మీది పెట్టెలోంచి పాత ఉత్తరం ఒకటి తెచ్చి, "ఈ మసులిపటం మీ వైపేనా?" అని అడిగారు. మసులిపటం అంటే మా బందరే! మాది గుడివాడ, బస్సెక్కితే గంట. వెస్ట్ కార్క్‌లో వాళ్ల పూర్వీకుడొకాయన రెక్టరు, అంటే చర్చ్ ఆఫ్ ఐర్లండ్ అనే ప్రొటెస్టెంట్ చర్చి పాదిరి, ఆయన పెద్దకొడుకూ పాదిరే, చిన్నవాడు మద్రాసు సైన్యంలో ఆఫీసరు. ఆవిడకి తెలిసింది అంతే. మిగతాది వెతకడానికి ఇద్దరం బయల్దేరాం.

ఐర్లండ్‌లో వంశం వెతికేవాళ్లకి మొదట తగిలే గోడ 1922 జూన్ 30. అంతర్యుద్ధంలో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ అనే కోర్టు భవనం దగ్గరి పబ్లిక్ రికార్డ్ ఆఫీసు తగలబడి ప్రొటెస్టెంట్ పారిష్ రిజిస్టర్లు, అంటే ఒక్కో చర్చిలో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు రాసే పుస్తకాలు, సగానికి పైగా బూడిదయ్యాయి. వాటిని భద్రంగా ఉంటాయనే అక్కడికి తెప్పించారు మరి! మా దగ్గర గట్టి బీరువా ఉంది, మేమే దాచుకుంటాం అన్న చర్చిల రిజిస్టర్లు మిగిలాయి. మా రెక్టరు గారి పారిష్‌వి బుద్ధిగా డబ్లిన్ చేరి కాలిపోయాయి.

అయినా పాదిరీల వరకు దారి సులువే. డబ్లిన్ శివారు చర్చ్‌టౌన్‌లో చర్చ్ ఆఫ్ ఐర్లండ్ వాళ్ల ఆర్.సి.బి. (రిప్రజెంటేటివ్ చర్చ్ బాడీ) లైబ్రరీ ఉంది, నా ఓటు దానికే. చిన్నది, నిశ్శబ్దం. లెస్లీ అనే పాదిరి ఏళ్ల తరబడి కూర్చుని ఏ పాదిరి ఏ ఊళ్లో ఎప్పుడు పనిచేశాడో రాసిపెట్టిన జాబితాలు అక్కడున్నాయి. కిల్డేర్ స్ట్రీట్‌లోని నేషనల్ లైబ్రరీలో వంశవృక్షాల సలహా ఉచితం, ముందు అక్కడికే వెళ్లండి, సగం తిరుగుడు తప్పుతుంది. ట్రినిటీ కాలేజీ పాత విద్యార్థుల పట్టీలో తండ్రి ఏం చేసేవాడో కూడా ఉంటుంది. మా వాళ్ల పేర్ల పక్కన తరం తర్వాత తరం 'క్లెరికస్', అంటే పాదిరి. మన ఊళ్లలో కరణీకం లాగా అన్నమాట. నేనలా అంటే ఆవిడ కరణం అంటే ఎవరని అడిగారు, అది చెప్పేసరికి లంచ్ టైము అయిపోయింది. ఇంకో మాట, మీ వాళ్లు ఉత్తరాన అల్‌స్టర్ వైపు వాళ్లయితేనే రికార్డుల కోసం బెల్‌ఫాస్ట్ వెళ్లండి, మాకు ఆ అవసరం పడలేదు.

వెస్ట్ కార్క్‌లోని స్కిబరీన్‌కి కార్క్ దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు. మేం దిగిన బీ అండ్ బీలో గది చిన్నదే కానీ శుభ్రం, పొద్దున్నే ఓట్ గంజి, సోడా బ్రెడ్డు, నేను గుడ్లు తిననంటే పుట్టగొడుగులు వేయించి పెట్టింది ఇంటామె. రెక్టరు గారి చర్చికి మాత్రం తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలుసుకోవడానికే ఓ పూట పట్టింది, కాబట్టి ముందే ఫోన్ చేసుకోండి. ఆ పూట ఊరికే కూర్చోలేక ఆబీస్ట్రూరీ శ్మశానానికి నడిచాం. 1840లలో బంగాళాదుంప పంట కుళ్లి జనం ఆకలితో పోతే 8 వేల నుంచి 10 వేల మందిని అక్కడ సామూహికంగా పూడ్చారు, పేర్లు లేవు. గడ్డి మాత్రం పచ్చగా ఉంది. 1823 నుంచి 1837 మధ్య తయారైన టైథ్ (చర్చి పన్ను) పుస్తకాలు నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. రెక్టరు గారి పోషణకి ఏ రైతు ఎంత కట్టాలో వాటిలో ఉంటుంది, ఆ రైతుల్లో ఎక్కువమంది కాథలిక్కులు, తమది కాని చర్చికి కట్టినవాళ్లు. ఆ పేర్లు రాత్రి గదిలో ఫోన్‌లో చదివి వినిపిస్తే ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. చిన్నకొడుకు ఈస్టిండియా కంపెనీ కొలువుకి అర్జీ పెట్టింది కూడా ఆ కరువు రోజుల్లోనే, 1846లో.

కంపెనీ కాగితాల కోసం లండన్ వెళ్లాం, అక్కడ స్టే దండగ. స్టేషన్‌కి దగ్గరని బుక్ చేసిన హోటల్లో మెట్లు నిటారు, లిఫ్ట్ లేదు, ఈ వయసు మనిషితో ఎలాగా అని నాకు ఒకటే టెన్షన్. ఆ డబ్బుకి స్కిబరీన్‌లో మూడు రాత్రులు ఉండొచ్చు. బ్రిటిష్ లైబ్రరీలో మాత్రం పని జరిగింది. పాస్ ఉచితం, కాకపోతే గుర్తింపు కార్డు, అడ్రస్ ప్రూఫ్ ఒరిజినల్స్ కావాలి. లోపలికి పెన్ను వద్దు, పెన్సిలే. ఈస్టిండియా కంపెనీలో క్యాడెట్‌గా చేరే కుర్రాడు వయసు రుజువుకి బాప్తిస్మం సర్టిఫికెట్ పెట్టాలి, ఆ కాగితాలు ఇప్పటికీ ఇక్కడున్నాయి. మా వాడి ఫైల్లో అది దొరికింది. బాప్తిస్మం ఇచ్చింది తండ్రే, రిజిస్టర్లోంచి నకలు రాసి సంతకం పెట్టిందీ తండ్రే. ఆ రిజిస్టరు డబ్లిన్‌లో కాలిపోయింది, దాంట్లోని ఈ ఒక్క పద్దు మాత్రం పిల్లాడు మద్రాసు వెళ్లబట్టి మిగిలింది. ఆవిడ ఆ చేతిరాత చూసి, తన నాన్న కూడా 'ఆర్' అక్షరం ఇలాగే రాసేవారన్నారు.

మద్రాసు ప్రెసిడెన్సీలో తెల్లవాళ్ల ఖననాల పద్దులు ఫైండ్‌మైపాస్ట్ అనే సైట్‌లో ఇంట్లో కూర్చునే చూడొచ్చు, చందా కట్టాలి. అందులో చిన్నవాడి పద్దు దొరికింది, 1852, మసులిపటం, వయసు 24. బందరులో ఉండే మా బావకి ఫోన్ చేస్తే బండేసుకుని వెళ్లి పాత సమాధులన్నీ ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపాడు. సగం రాళ్ల మీద అక్షరాలు అరిగిపోయాయి. ఆవిడ భూతద్దం పెట్టుకుని ఇంకా చూస్తూనే ఉన్నారు.