320డి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, ఏడాదిన్నర వాడాక రాస్తున్న రివ్యూ

ఏడాదిన్నర క్రితం బీఎండబ్ల్యూ త్రీ సిరీస్‌లోని డీజిల్ కారు 320డి తీసుకున్నాను. 2016 మోడల్, కొన్న రోజు మీటరు మీద 96 వేల కిలోమీటర్లు, ఇప్పుడు లక్షా 21 వేలు. నాకు కారు చాలా నచ్చింది, మళ్లీ కొనమన్నా ఇదే కొంటాను. ఆ మాట ముందే చెప్పేసి అసలు సంగతికి వస్తాను. ఇది దొరకడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో నేర్చుకున్నది ఎవరైనా నాకు ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అని చాలాసార్లు అనిపించింది. అందుకే కారు ఎలా నడుస్తుందన్నది తక్కువ, ఎలా చూసి కొనాలన్నది ఎక్కువ రాస్తున్నాను.

ఈ తరగతి కార్లంటే త్రీ సిరీస్, మెర్సిడెస్ సి క్లాస్, ఆడి ఎ4. కొత్తవైతే మనలాంటివాళ్లం ఆగి చూసి వెళ్లిపోయే కార్లు. నాలుగైదేళ్లు గడిచేసరికి వీటి ధర బాగా పడిపోయి, కొత్తగా వచ్చే మామూలు సెడాన్ ధరకు దగ్గరగా వస్తాయి. ఆశ పుట్టేది అక్కడే, దెబ్బతినేదీ అక్కడే. కారు ధర సగానికి పడిపోతుంది గానీ దాని బ్రేకు డిస్కు ధర పడదు, ఇంజెక్టరు ధర పడదు, హెడ్‌లైటు ధర అసలే పడదు. మీరు కొన్నది మామూలు సెడాన్ ధరకే అయినా రిపేరు బిల్లు మాత్రం లగ్జరీ కారుదే వస్తుంది. నేను ఉన్న డబ్బులో ఆరో వంతు రిపేర్ల కోసం విడిగా పక్కన పెట్టుకుని మిగతా డబ్బులో దొరికే కారు కోసమే వెతికాను. ఉన్నదంతా కారుకే పెట్టేద్దాం, రిపేర్లు వచ్చినప్పుడు చూసుకుందాం అనుకునేవాళ్లు దయచేసి ఈ తరగతి జోలికి రావద్దు.

ఏ కారన్న దాని మీద పెద్దగా తల బద్దలు కొట్టుకోలేదు. నేను చూస్తున్న తరాల్లో మూడింటికీ కొలతలు దాదాపు ఒకటే, డిక్కీ మూడింటికీ 480 లీటర్లే. 2014లో వచ్చిన సి క్లాస్‌లో లోపలి సొగసు వేరు, కూర్చుంటే దిగబుద్ధి కాదు. 2015లో వచ్చిన ఎ4 మూడింటిలో నిశ్శబ్దంగా ఉంటుంది, పనితనం కూడా నీటుగా ఉంటుంది. అంతకు ముందు తరం ఎ4లో 2 లీటర్ల పెట్రోలు ఇంజిన్‌వి కొన్ని పిస్టన్ రింగుల లోపం వల్ల ఇంజిన్ ఆయిలు తాగేస్తాయి, పాత మోడల్ చూసేవాళ్లు అది అడిగి తెలుసుకోండి. నేను త్రీ సిరీస్ వైపు వెళ్లింది నడపడం కోసమే. వెనక చక్రాలు తోసే కారు మలుపులో తిరిగే తీరు ఒకసారి అలవాటైతే వదలదు.

త్రీ సిరీస్ అనుకున్నాక ఏ ఇంజిన్ అన్నది మాత్రం చాలా ముఖ్యం. నేను కొన్న తరాన్ని ఎఫ్30 అంటారు, 2012లో అమ్మకానికి వచ్చింది, 2015లో మార్పులు చేశారు. బయట చూస్తే లైట్లూ బంపర్లూ కాస్త మారినట్టుంటాయి అంతే, తేడా అంతా బానెట్ కింద ఉంది. ఆ మార్పులకు ముందున్న 320డిలో ఎన్47 అనే ఇంజిన్, 184 హార్స్ పవర్. దాని టైమింగ్ చైన్, అంటే ఇంజిన్ వాల్వులు సరైన సమయానికి తెరుచుకుని మూసుకునేలా చూసే గొలుసు, దాని సంగతి చాలామంది వినే ఉంటారు. అరిగి తెగిపోవడం ఒక బాధైతే, ఆ చైన్ ఇంజిన్ వెనక వైపు, గేరుబాక్సు పక్కన ఉండటం ఇంకో బాధ. మార్చాలంటే ఇంజినో గేరుబాక్సో కిందికి దించాల్సిందే, అంటే చైన్ ఖరీదు కన్నా కూలీ ఎన్నో రెట్లు. 2015 తర్వాత వచ్చిన బీ47లో కూడా చైన్ వెనకే ఉంది గానీ ఆ గొడవ బాగా తగ్గింది, పవర్ 190కి పెరిగింది. పెట్రోలు తీసుకునేవాళ్లకూ ఇదే లెక్క. పాత 320ఐ, 328ఐలలో ఉన్న ఎన్20 ఇంజిన్‌కి చైన్‌ని పట్టి ఉంచే ప్లాస్టిక్ గైడులు పెళుసుబారి విరిగేవి, ఆ తర్వాత వచ్చిన బీ48 దానికన్నా ఎంతో నయం. అందుకని నేను 2015కి ముందుది ఎంత తక్కువకి వచ్చినా చూడనే లేదు.

ఇంకో మాట. రోజుకి నాలుగైదు కిలోమీటర్లు తిరిగి ఆపేసేవాళ్లు డీజిల్ కొనొద్దు. పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది, ఆ మసి కాలిపోవాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి, ఆ వేడి రావాలంటే కారు ఆగకుండా కొంత దూరం పరిగెత్తాలి. చిన్న చిన్న దూరాలే తిరిగితే ఫిల్టరు పూడుకుపోతుంది, మార్చాలంటే గుండె గుభేలుమంటుంది. నాకు వారానికి రెండుసార్లు హైవే ప్రయాణం ఉంటుంది కాబట్టి సరిపోయింది.

ఇక చూసిన కార్ల కథ. నాతో మా మావయ్య వచ్చేవాడు, గ్యారేజీల్లో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. మొదటి కారు దగ్గరికి చెప్పిన టైముకి వెళ్లాం. మెరిసిపోతోంది, టైర్లకి నల్ల పాలిష్, లోపల సెంటు వాసన. నేను సీట్లో కూర్చుని స్టీరింగు పట్టుకుని మురిసిపోతుంటే మావయ్య బానెట్ మీద అరచెయ్యి పెట్టి నన్ను పిలిచాడు. "ఒరేయ్, ఇటు రా, చెయ్యి పెట్టి చూడు." వేడిగా ఉంది. అమ్మే ఆయన్ని అడిగితే "ఇప్పుడే డీజిల్ కొట్టించుకొచ్చానండీ" అన్నాడు. నిజమే కావచ్చు. కానీ రాత్రంతా చల్లబడిన ఇంజిన్‌ని మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు వచ్చే ఆ కొన్ని సెకన్ల చప్పుడులోనే చైన్ గురించి సగం తెలుస్తుంది. ఇంజిన్ వేడెక్కాక అరిగిన చైన్ కూడా బుద్ధిగా ఉంటుందని మావయ్య అంటాడు. పైగా మీటరు మీద 52 వేలే ఉంది, బ్రేకు పెడలు రబ్బరు మాత్రం గీతలన్నీ అరిగి నున్నగా అయింది, డ్రైవరు సీటు అంచు కుంగిపోయింది. కారు కంప్యూటరులో నమోదైన లోపాలు చదివే స్కానరు పెడితే ఎర్రర్ ఒక్కటీ లేదు. అది చూసి నేను సంబరపడ్డాను గానీ మావయ్య ఇంకో పేజీ తెరిచాడు. కారు తనని తాను చేసుకునే పరీక్షలు కొన్ని అక్కడ కనిపిస్తాయి, అవి పూర్తి కాలేదని చూపిస్తోంది. ఎర్రర్లు చెరిపేస్తే ఆ పరీక్షలు మళ్లీ మొదటి నుంచి మొదలవుతాయి, అవి పూర్తవడానికి కారు కొన్నాళ్లు తిరగాలి. అంటే మేం వచ్చే ముందు ఎవరో ఎర్రర్లు చెరిపారనే అనుమానం. ఏం చెరిపారో మాకు తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు, నమస్కారం పెట్టి వచ్చేశాం.

రెండో కారు ఒక డీలరు దగ్గర. దాని గురించి ఎక్కువ చెప్పను. కుడి ఫెండరు, అంటే ముందు చక్రం పైనుండే రేకు, దాని బోల్టుల మీద పానా పెట్టిన గాట్లు, అటువైపు తలుపులో పెయింటు మందం మిగతా కారు కన్నా మూడు రెట్లు. కంపెనీ పెయింటు మామూలుగా వంద నుంచి నూట యాభై మైక్రాన్ల దాకా ఉంటుంది, మూడు నాలుగు వందలు చూపిస్తే మళ్లీ పెయింటు వేశారని, కింద లప్పం కూడా ఉండొచ్చని అర్థం. చిన్న గీత పడితే పెయింటు వేయించారని చెప్పి అమ్మినా నేను తీసుకునేవాణ్ణే. యాక్సిడెంటే కాలేదని నా కళ్లలోకి చూసి చెప్పారు, అక్కడితో మనసు విరిగిపోయింది.

మూడోది ఇప్పుడు నా దగ్గరున్న కారు. ఫొటోల్లో చూసినప్పుడు వద్దనుకున్నాను. కిలోమీటర్లు ఎక్కువ, బంపరు మీద గీతలు, ముందు టైర్లు అరిగి ఉన్నాయి. ఫోన్ చేసి పొద్దున్నే వస్తాం, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయకండి అంటే ఆయన "మీరు వచ్చి మీరే స్టార్ట్ చేయండి" అన్నారు. వెళ్లేసరికి బానెట్ చల్లగా ఉంది, బల్ల మీద ఒక ఫైలు ఉంది. మొదటి సర్వీసు నుంచి ప్రతి బిల్లూ తేదీల వారీగా అందులో ఉంది. ఆ ఫైలు చదవడానికే గంట పట్టింది. కారు డ్యాష్‌బోర్డు మీద చెప్పిన గడువు దాకా ఆగకుండా మధ్యలోనే ఆయిలు మార్పించారు. నాలుగేళ్ల క్రితం బంపరుకి దెబ్బ తగిలితే ఆ బిల్లు కూడా దాచకుండా అందులోనే పెట్టారు. బిల్లుల్లో రాసిన కిలోమీటర్లు క్రమంగా పెరుగుతూ వచ్చి మీటరుతో సరిపోయాయి. ఇంతకన్నా నమ్మకమైన మీటరు పరీక్ష ఇంకోటి లేదు.

అయినా అన్నీ చూశాం. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేస్తే డీజిల్ గరగర తప్ప గొలుసు ఈడ్చిన చప్పుడు లేదు. నలభై నిమిషాలు నడిపాను, గేర్లు ఎక్కడా కుదుపు లేకుండా మారాయి, ముఖ్యంగా ఆగబోతూ మూడు నుంచి రెండుకి, రెండు నుంచి ఒకటికి దిగేటప్పుడు గమనించాను, గేరుబాక్సు అరిగితే ముందు అక్కడే తెలుస్తుందని మావయ్య చెప్పాడు. ఛాసిస్ నంబరు, అదే పదిహేడు అక్షరాలది, కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి రీకాల్స్ చూశాం. ఇది తప్పక చేయండి, ఎందుకంటే 2018లో బీఎండబ్ల్యూ ఈజీఆర్ కూలరు (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లబరిచే భాగం) లీకై మంటలు అంటుకునే ప్రమాదం ఉందని చాలా డీజిల్ కార్లను వెనక్కి పిలిచింది. మీరు చూసే కారు ఆ జాబితాలో ఉంటే ఆ పని జరిగిన కాగితం అడగండి, జరగకపోతే కంపెనీ సర్వీసు సెంటరులో ఉచితంగా చేస్తారు.

కొన్నాక మొదటి రెండు నెలల్లో పక్కన పెట్టిన డబ్బులో సగం దాకా అయిపోయింది. నాలుగు టైర్లూ మార్చాను, ముందువి అరగడం కనిపిస్తూనే ఉంది గానీ వెనకవి చూడటానికి బాగున్నాయి. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. అలా చూస్తే వెనకవి ఏడేళ్ల నాటివి. ఈ కారుకి స్టెప్నీ లేదు, గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు ఇస్తారు. వాటి పక్క గోడలు గట్టిగా ఉండటం వల్ల గతుకుల్లో కారు ఎత్తేస్తుంది. నేను మామూలు టైర్లు వేయించి డిక్కీలో గాలి పంపూ పంక్చర్ కిట్టూ పెట్టుకున్నాను, అప్పటి నుంచి ఇది వేరే కారులా ఉంది. బ్రేకు ఆయిలు మార్చాను. బ్యాటరీ మార్చినప్పుడు కొత్తది పెట్టామని కారు కంప్యూటరుకి కూడా చెప్పాలి, లేకపోతే పాత బ్యాటరీకి చేసినట్టే చార్జింగ్ చేసి కొత్తదాన్ని తొందరగా పాడుచేస్తుంది. ఈ సంగతి తెలియని మెకానిక్ దగ్గర బ్యాటరీ మార్పించకండి.

గేరుబాక్సు ఆయిలు గురించి గట్టిగా చెప్పాలి. అది జీవితాంతం మార్చక్కర్లేదని కార్ల కంపెనీ అంటుంది. ఆ గేరుబాక్సు తయారుచేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. చేసినవాడి మాటే నేను విన్నాను. ఫిల్టరు కింది ప్లాస్టిక్ తొట్టిలోనే కలిసి ఉంటుంది కాబట్టి తొట్టి మొత్తం మార్చాలి, ఆయిలు కొలత కూడా ఇంజిన్ ఆన్‌లో ఉంచి, తగిన వేడి దగ్గర చూడాలి. తెలిసినవాళ్లే చేయాల్సిన పని. మార్చాక గేర్లు ఇంకా మెత్తగా పడుతున్నాయి.

నడపడం గురించి ఎంత చెప్పినా తక్కువే. స్టీరింగు తిప్పిన మేరకే కారు తిరుగుతుంది, ఎక్కువా కాదు తక్కువా కాదు. ఓవర్‌టేక్ చేయాలని కాలు కాస్త నొక్కితే చాలు, గేరుబాక్సు మన మనసు ముందే చదివినట్టు రెండు గేర్లు దించేస్తుంది. హైవే మీద లీటరుకి పద్దెనిమిది దాకా ఇస్తోంది, ట్యాంకు 57 లీటర్లు, ఒకసారి నింపితే వారమంతా ఆ ఊసే ఉండదు. ఆరు గంటలు నడిపి దిగినా నడుం పట్టెయ్యదు.

నచ్చనివీ ఉన్నాయి. ఎత్తు తక్కువ. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఎక్కేటప్పుడు సీట్లో కూలబడాలి, దిగేటప్పుడు ఎవరైనా చెయ్యి ఇవ్వాలి. పెద్దవాళ్లను రోజూ తిప్పేవాళ్లు ముందు వాళ్లని ఎక్కించి చూశాకే ఏ నిర్ణయమైనా తీసుకోండి. వెనక సీట్లో మధ్యన, గేరుబాక్సు నుంచి వెనక చక్రాలకు వెళ్లే షాఫ్టు కోసం పెద్ద ఎత్తు ఉంటుంది, మూడో మనిషి కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇబ్బంది పడతాడు, కాబట్టి ఇది నలుగురి కారే. పొద్దున్నే స్టార్ట్ చేస్తే బయట డీజిల్ చప్పుడు బాగానే వినిపిస్తుంది, ఈ విషయంలో ఎ4 నయం.

కిందటి వారమే ఆయిలు మార్పించాను. నేను పన్నెండు వేలకోసారి మారుస్తున్నాను. మావయ్య చక్రాలు ఊపి చూసి ముందు సస్పెన్షన్ బుష్‌లు ఇంకో ఆరు నెలలు ఆగుతాయన్నాడు. ఆ ఆయిలు బిల్లు కూడా పాత ఓనరు ఇచ్చిన ఫైలులోనే, ఆయన బిల్లుల వెనకాలే పెట్టాను.