వెస్ట్‌మినిస్టర్ క్రామ్‌వెల్ వాకింగ్ టూర్: తండ్రి కథ బాగా చెప్పారు, కొడుక్కి అన్యాయం చేశారు

లండన్‌లో ఉన్నవాళ్లు, వేసవిలో పిల్లల దగ్గరికి వచ్చే అమ్మానాన్నలు, చరిత్ర ఇష్టమైతే ఈ టూర్‌కి తప్పకుండా వెళ్లండి. కానీ ఇంగ్లండ్‌ని రాజు లేకుండా ఏలిన ఒలివర్ క్రామ్‌వెల్ కొడుకు, ఆయన తర్వాత పాలకుడైన రిచర్డ్ క్రామ్‌వెల్ గురించి ముందే కాస్త చదువుకుని వెళ్లండి, ఎందుకంటే అక్కడ ఆయన గురించి రెండు ముక్కలు కూడా సరిగ్గా చెప్పరు.

నడక వైట్‌హాల్‌లో బాంక్వెటింగ్ హౌస్ బయట మొదలవుతుంది. 1649 జనవరి 30న మొదటి చార్లెస్ రాజు తల తీసింది ఆ భవనం ముందే. ఎనిమిదేళ్లు తిరిగేసరికి, ఆ తల తీయించిన పార్లమెంటు వర్గమే ఒలివర్ క్రామ్‌వెల్‌ని రాజువు కమ్మని అడగడం, ఆయన కిరీటం వద్దని వారసుణ్ణి ఎంచుకునే హక్కు మాత్రం ఉంచుకోవడం, ఇదంతా గైడ్ కళ్లకు కట్టినట్టు చెప్పాడు. పార్లమెంటు బయట ఒక చేత్తో కత్తి, ఇంకో చేత్తో బైబిల్ పట్టుకున్న ఒలివర్ విగ్రహం, రోడ్డు దాటితే సెయింట్ మార్గరెట్స్ చర్చి తలుపు పైన చిన్న గూట్లో చార్లెస్ తల బొమ్మ. గైడ్ చూపించకపోతే ఆ గూడు మన కంటపడదు. పక్కనే ఉన్న వెస్ట్‌మినిస్టర్ అబ్బే అనే పెద్ద చర్చి లోపల నేల మీద ఒలివర్ సమాధి రాయి ఉంది, దాని మీద 1658-1661 అని చెక్కారు. రాచరికం తిరిగొచ్చాక శవాన్ని తవ్వి తీసి, ఉరితీసే చోటైన టైబర్న్‌లో వేలాడదీశారు కాబట్టి ఆ మూడేళ్లే.

ఇక రిచర్డ్ దగ్గరికొచ్చేసరికి "చేతకాని కొడుకు, కొన్ని నెలల్లో దిగిపోయాడు" అని నవ్వేసి ముందుకెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది.

1658 సెప్టెంబర్ 3న తండ్రి పోయేనాటికి సైనికులకి జీతాలు బకాయి, ఖజానా నిండా అప్పులు. రిచర్డ్‌కి యుద్ధంలో పేరు లేదు, కాబట్టి సైన్యం ఆయన్ని తమవాడనుకోలేదు. సైన్యాధిపతి పదవి విడదీసి తమకివ్వమని అడిగినవాళ్లు కూడా పరాయివాళ్లు కాదు, సొంత బావ ఫ్లీట్‌వుడ్ వర్గం, వాళ్లతో మేనత్త మొగుడు డెస్‌బరో. ఆయన ఇవ్వనన్నాడు. 1659 ఏప్రిల్‌లో రిచర్డ్ సైనికుల్ని వైట్‌హాల్‌కి రమ్మన్నాడు, ఫ్లీట్‌వుడ్ సెయింట్ జేమ్స్‌కి రమ్మన్నాడు, దాదాపు అందరూ బావ దగ్గరికే పోయారు. ఈ రెండు చోట్లూ టూర్ మొదలయ్యే దగ్గర్నుంచి నడిచి వెళ్లేంత దూరమే! అక్కడ నిలబెట్టి ఈ ఒక్క సంగతి చెప్తే చాలు, తండ్రి పేరు వారసత్వంగా వచ్చినా తండ్రి సైన్యం రాదని ఎవరికైనా అర్థమవుతుంది. సైనికులు అలా పోయిన మర్నాడే ఫ్లీట్‌వుడ్ వర్గం రిచర్డ్ చేత పార్లమెంటుని రద్దు చేయించింది, మే నెలలో ఆయన తప్పుకున్నాడు.

తర్వాతి కథ ఇంకా బరువైనది. అప్పులవాళ్లకి భయపడి 1660లో ఫ్రాన్స్ పారిపోయి మారుపేరుతో బతికాడు, అక్కడుండగానే ఇక్కడ భార్య డొరొతీ చనిపోయింది, ఇరవై ఏళ్లకి తిరిగొచ్చి అజ్ఞాతంగా గడిపి 1712లో 85 ఏళ్ల వయసులో పోయాడు. ఇలాంటి మనిషిని ఒక జోక్‌తో సరిపెట్టడం న్యాయం కాదు. రాజకీయ వారసుల గురించి రోజూ వాదించుకునే మనవాళ్లకి అసలు వినాల్సింది ఈ భాగమే.

అబ్బే టికెట్ టూర్ ఫీజులో కలవదు, విడిగా కొనుక్కోవాలి. గైడ్ గొంతు గట్టిది, వెనకున్నా వినిపిస్తుంది, అడిగితే ఓపిగ్గా జవాబిస్తాడు. కాబట్టి బాంక్వెటింగ్ హౌస్ దగ్గరే రిచర్డ్ గురించి అడిగేయండి, పార్లమెంటు చేరాక టైమ్ ఉండదు. ఐదుకి మూడున్నర ఇస్తున్నాను.